దండ వెయ్యని పటం

మా మనవరాలు నా ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి పోయింది. నల్లగొండలో మేము పుట్టి పెరిగిన బజారు వాళ్ళంతా అందులో ఉన్నారు. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ బజారులో సగం ఇళ్ళు కూలగొట్టాక ఎవరో పిల్లగాడికి బుద్ధి పుట్టింది. పాత ఫోటోలు ఉన్నవాళ్ళు పెట్టండని అడిగాడు. ఇళ్ళు ఉన్నన్నాళ్ళు ఒక్కడూ అటు తొంగి చూడలేదు. ఇప్పుడు మాత్రం పొద్దున లేచింది మొదలు ఫోన్ టింగు టింగుమంటూనే ఉంటుంది. నాకా మోకాళ్ళ నొప్పులు. దాన్ని అందుకోవడానికి లేవాలంటేనే విసుగు.

అయినా చూస్తాను. పెండ్లి ఫోటోలు, బడి ఫోటోలు, ధాన్యం గంజులో హమాలీల సంఘం ఫోటో. ఒక పిల్ల అడిగింది, అందరూ ఎందుకంత సీరియస్‌గా ఉన్నారని. ఎవరూ జవాబు చెప్పలేదు, తెలిసినవాళ్ళం తక్కువమందిమి మిగిలాం మరి. మా బజారు చేదబావి నీళ్ళు తాగిన వాళ్ళకు పళ్ళు గారపట్టి పసుపు, గోధుమ చారలు తేలేవి. ఫోటో దిగేటప్పుడు పెదాలు బిగించేవాళ్ళం. ఎంత సంతోషమున్నా అంతే.

మూడు రోజుల కింద మా తమ్ముడు కూడా ఒక ఫోటో పెట్టాడు. వాడు హాలియాలో ఉంటాడు, బియ్యం మిల్లులో గుమస్తాగా చేసి మానేశాడు. గోడ మీది పటం దింపి, అద్దం తుడిచి, ఫోన్‌తో తీసి పెట్టాడు. కింద 'మా అమ్మ, ఒళ్ళో నేను' అని రాశాడు. అందరూ దండాలు పెట్టారు. నేను చూసి, ఫోన్ బోర్లా పెట్టేసి, అన్నం వండుకుందామని లేచాను. కుక్కర్ రెండో కూత వెయ్యకముందే నకిరేకల్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను. దూదేకులోళ్ళ పిల్లగాన్ని."

పిల్లగాడంటే వాడికీ మనవలున్నారు. వాళ్ళది మా పక్క ఇల్లు. వాళ్ళమ్మను నేను చిన్నమ్మ అనేదాన్ని. పోయినేడు చనిపోయింది. వీడు రంజాన్ పండుగకు తప్ప ఫోన్ చెయ్యడు.

"అన్న పెట్టిన ఫోటో చూసినవా?"

"చూసిన."

"గామె మీ అమ్మ కాదు గదక్కా. మా అమ్మ."

నేను కుక్కర్ కింద మంట తగ్గించాను.

"ఎడమచెయ్యి చిటికెన వేలు చూసిన. వంకర ఉన్నది. దూది ఏకంగ విల్లు తాడు తెగి కొట్టిందని చెప్తుండె గద. మా ఇంట్ల మా అమ్మ ఫోటో అంటే ఆధార్ కార్డు మీదిదే అక్కా. అండ్ల మా అమ్మ మా అమ్మ లెక్కనే ఉండదు. గిది చూసేసరికి నాకు కాళ్ళు చేతులు ఆడలే. గాని గా బొట్టేంది? మెడల పుస్తెలేంది? గా ఒళ్ళె ఉన్నది నేనేనా?"

"పొయ్యి మీద అన్నమున్నది. దించుకోని చేస్త, ఆగు" అని పెట్టేశాను. అన్నం దించాను. తినబుద్ధి కాలేదు. ఆ సంగతి తెలిసిన వాళ్ళలో బతికి ఉన్నది నేనొక్కదాన్నే. ఇన్నేండ్లు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక్క మాట దాచడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి. నాకిప్పుడు అది లేదు.

మా బాపు గంజులో హమాలీ. అమ్మ ఆముదాల మిల్లుకు పోయి గింజలు చెరిగేది. మా బజారంతా అలాంటి వాళ్ళే. పొద్దున ఆముదం చెక్క వాసన, పగలు ఊక కాలిన వాసన, పొద్దూకాక ఇంటింటా జొన్నరొట్టెల వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు ఆ వాసన లేని ఊరికి పోతే అన్నం సయించేది కాదు.

పక్కింట్లో చిన్నమ్మా, చిన్నాయినా దూది ఏకి పరుపులు, మెత్తలు కుట్టేవాళ్ళు. విల్లు తాడు మీద దెబ్బ పడితే 'టొంయ్ టొంయ్' మని బజారు చివరిదాకా వినపడేది. మా పిల్లల పని ఏమిటంటే, చిన్నాయిన బీడీ తాగడానికి బయటికి పోగానే ఏకిన దూదికుప్ప మీద దూకడం. ఆ దూది నూగును గడ్డానికి అంటించుకుని మా అవ్వ ముందు ముసలోళ్ళలాగా దగ్గేవాళ్ళం. అవ్వ చుట్ట పక్కన పెట్టి, "ఓ పీనుగుల్లార, గా దూదిల నిప్పు పడితె బజారంత బుగ్గి ఐతది" అని కట్టె తీసేది. చిన్నమ్మ మాత్రం కొట్టేది కాదు. జుట్టులో నూగు ఒక్కొక్కటే ఏరుతూ, "పెండ్లి గాకముందే ముసల్దానివైతివి గదనే" అని నవ్వేది.

అమ్మా, చిన్నమ్మా ఒకే ఎత్తు, ఒకే చామనచాయ. ఇద్దరిదీ వెడల్పు నొసలు. కొత్తవాళ్ళు అక్కాచెల్లెళ్ళా అని అడిగేవాళ్ళు. దగ్గరికి పోయి చూస్తే ముక్కు వేరు, నవ్వు వేరు. అయినా వాళ్ళు అక్కా, చెల్లే అని పిలుచుకునేవాళ్ళు. ఇంట్లో తొక్కు పచ్చడి అయిపోతే మధ్యగోడ మీదినుంచి గిన్నె ఇటు వచ్చేది. పీర్ల పండుగకు మలీదా ముద్దలు మా ఇంటికి, బతుకమ్మకు మా సత్తుపిండి వాళ్ళింటికి. మా తమ్ముడూ, ఇప్పుడు ఫోన్ చేసిన వాళ్ళబ్బాయీ నెల తేడాతో పుట్టారు.

ఆ ఏడే అమ్మకు ఫోటో దిగాలని కోరిక పుట్టింది. గడియారం స్తంభం దగ్గర కొత్తగా స్టూడియో పడింది. పిల్లగాన్ని ఒళ్ళో పెట్టుకుని దిగుతానంది. బాపు సరేనన్నాడు. అమ్మ పెట్టెలో నుంచి ఎర్రంచు తెల్లచీర తీసి కట్టుకుంది, నాకు రెండు జడలు వేసింది. గడప దాటుతుంటే అవ్వ అడ్డం కూర్చుంది.

"ఎటు తయారైండ్రే? ఫోటువ? గా డబ్బ మనిషి నీడను గుంజుకుంటది. దిగినోల్లకు ఆయుసు తరుగుతది. నా ఇంట్ల గీ షోకులు నడువయ్."

"గదంత ఉత్తదే అత్తా. బజారుల ఎంతమంది దిగలే?" అంది అమ్మ.

"దిగినోల్లు ఎంతమంది ఉన్నరో లెక్క చూసుకో పో."

బాపు ఎప్పటిలాగే తల్లికీ పెళ్ళానికీ మధ్య నోరు మెదపలేదు. అమ్మ చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నేనూ ఏడ్చాను, జడలు వేసుకుని ఎటూ పోలేదని.

వానలు పడ్డాక అమ్మకు జ్వరం వచ్చింది. రెండు రోజులు ఇంట్లో కషాయాలు, మూడో రోజు దవాఖాన, నాలుగో రోజు పొద్దున రిక్షాలో తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. తమ్ముడు పది నెలలవాడు. ఆ ఏడుపుల్లో వాడి ఆకలి ఎవరికీ పట్టలేదు. చిన్నమ్మ వచ్చి, వాణ్ణి ఎత్తుకుపోయి, తన పిల్లగాడితోపాటు పాలిచ్చింది. ఆ రోజు నుంచి వాడి పొద్దంతా అక్కడే గడిచేది, పడుకోవడానికి మాత్రం మా ఇంటికి తెచ్చేది.

నాకు అప్పుడు ఏడేండ్లు. కర్మలు అయిపోయాయి. చుట్టాలు పోయారు. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చుని అమ్మను తలచుకుంటుంటే చెయ్యి గుర్తుకొచ్చింది, గాజులు గుర్తుకొచ్చాయి, ఆముదం వాసన కొట్టే కొంగు గుర్తుకొచ్చింది. మొహం రాలేదు. కండ్లు గట్టిగా మూసుకున్నా రాలేదు. భయమేసి అవ్వ దగ్గరికి ఉరికాను.

"అవ్వా, అమ్మ మొకం నాకు యాదికొస్తలేదు. ఎట్లుండె అవ్వా?"

అవ్వ చుట్ట ఆర్పేసింది. నన్ను దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని బావురుమంది. ఆమె అట్లా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. చావు రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

"నేనే ఆపితి. గా పొద్దు నేను నోరు మూసుకుంటె, పటమన్న మిగిలేది. ఈ పోరి ఏడేండ్లది, దీనికే యాదికి లేకపోతె పాలు తాగెటోనికి తల్లెట్ల తెలుస్తది?" అని నెత్తి కొట్టుకుంది.

తెల్లారి అవ్వ చిన్నమ్మ ఇంటికి పోయింది. నేను వెనకాలే పోయాను. చిన్నమ్మ మెత్త కుడుతూ ఉంది, చిన్నాయిన విల్లుకు తాడు బిగిస్తున్నాడు. అవ్వ నేల మీద కూలబడి సూటిగా అడిగేసింది.

"బిడ్డా, నువ్వు నా కోడలు చీర కట్టుకోని ఒక్క ఫోటో దిగాలె. పొల్లగాండ్లకు తల్లి పటమని పెట్టుకుంట."

చిన్నమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "ఏం మాట అత్తా గిది? సచ్చినామె పటానికి దండేస్తరు, దీపం పెడతరు. నాకు పాలు తాగే పిల్లగాడున్నడు."

"గదంత రాత్రి ఆలోచన చేసిన. నా మనుమన్ని నీ ఒళ్ళె కూసోబెట్టుకో. పసిపిల్లలున్న పటానికి ఎవలూ దండెయ్యరు, ఎయ్యొద్దు. నేనున్నన్ని దినాలు ఎయ్యనియ్య. నేను పోయినంక గూడ ఎయ్యకుంట మాట తీసుకుంట. బతికున్నదానికి దండేసి సంపుకుంటనా బిడ్డా? నాకు గంత పాపం ఒక్కటి చాలదా?"

చిన్నమ్మ మొగుడి వైపు చూసింది. అవ్వ అసలు మాట ఇంకా చెప్పలేదు, బొట్టు సంగతి, పుస్తెల సంగతి. అది కూడా చెప్పింది. చిన్నమ్మ నల్లపూసలు వేసుకునేది కానీ బొట్టు పెట్టుకునేది కాదు.

"బొట్టు అంటె సరె. తుడుసుకుంటె పోతది. ఇంకొకామె పుస్తెలు నేనెట్ల ఏసుకోవాలె?" అంది.

చిన్నాయిన విల్లు పక్కన పెట్టాడు. "ఏసుకోరాదే. నేను ఈడనే ఉన్న గద, ఏడికి పోతలే. గా పోరి మొకం జూడు. దినాం మన దూదిల పొర్లే పోరి, నెలదినాల సంది కుప్ప దిక్కు సుత సూస్తలేదు" అన్నాడు. ఆ పోరిని నేనే.

ఇంట్లో పెట్టె తెరిచి ఎర్రంచు చీర తీసింది నేను. అవ్వ పసుపు గుడ్డలో మూటకట్టి దాచిన పుస్తెలతాడు తెచ్చింది. బాపుకు చెప్పలేదు. స్టూడియోలో గోడకు మెట్లు, పూలకుండీలు, చెరువులో హంసలు గీసిన తెర ఉండింది. అవ్వ బొటనవేలితో చిన్నమ్మ నొసటన చిన్నగా కుంకుమ పెట్టబోయింది.

చిన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "జర పెద్దగ పెట్టు అత్తా. అక్క పెద్దగ పెట్టుకుంటుండె" అంది.

తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టారు. వాడికి ఆ ఒళ్ళు అలవాటే కనక కిక్కురుమనలేదు. ఏడ్చింది చిన్నమ్మ కొడుకు. తన తల్లి ఒళ్ళో ఇంకొకణ్ణి చూసి తలుపు దగ్గర చిన్నాయిన భుజం మీద గుక్కపట్టాడు. చిన్నమ్మ చూపు అటే పోతుంటే ఫోటో ఆయన విసుక్కున్నాడు. "ఇటు చూడమ్మా, ఇటు. నవ్వకు" అన్నాడు. ఆమె నవ్వడం లేదు.

పటం ఇంటికొచ్చింది. అవ్వ మేకు కొట్టించి, తానే వేలాడదీసి, పైన ఒక్క బంతిపువ్వు పెట్టింది. బజారు అమ్మలక్కలు వచ్చి చూశారు. ఒకామె, "ముక్కు గిట్ల లేకుండె గద?" అంది. "ఫోటోల అందరి ముక్కులు గట్లనే ఉంటయ్. నీది దిగు, నీకు ముక్కే రాదు" అని అవ్వ నోరు మూయించింది. బాపు పని నుంచి వచ్చి చూశాడు. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. ఆ రోజు నుంచి ఆ గోడ వైపు వీపు పెట్టి పడుకునేవాడు. ఇంట్లో ఆ పటం అక్కరకు రానిది ఆయనొక్కడికే. ఆయనకు అమ్మ మొహం గుర్తుంది.

నేను మాత్రం రోజూ చూసేదాన్ని. బడికి పోయేముందు, వచ్చాక. మొదట్లో ఇది చిన్నమ్మ అని తెలుస్తూనే ఉండేది. చూడగా చూడగా అమ్మే అనిపించేది. సంతోషంగా ఉండేది కూడా, దాచడమెందుకు.

తమ్ముడికి మాటలు వచ్చాయి. "అమ్మేది రా?" అని అవ్వ అడిగితే గోడ వైపు వేలు చూపించేవాడు. ఒకరోజు అట్లా అడుగుతుండగానే చిన్నమ్మ శనగ గుడాల గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వాడు గోడ చూశాడు, వాకిలి చూశాడు, చేతులు చాపి, "అమ్మా" అంటూ ఆమె మీదికి ఉరికాడు. చిన్నమ్మ వాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. తర్వాత మెల్లగా దించేసింది.

ఆ వారమే ఆమె అవ్వతో అనడం నేను విన్నాను. "అత్తా, పటం జూసి అమ్మ అంటుండు, నన్ను జూసి అమ్మ అంటుండు. రేపు బుద్ధి తెలిసినంక రెండూ ఒక్కటే అని తెలుస్తది. గప్పుడు వానికి తల్లి పటం గూడ ఉండదు. నకిరేకల్‌ల మా ఆయనకు పని దొరుకుతాందట. పోతం."

"పోకు బిడ్డా" అని అవ్వ ఒక్క మాట అనలేదు. తల ఊపింది. అవ్వను ఆ రోజు ఎంత తిట్టుకున్నానో! అవ్వ పోయి ఎన్నేండ్లయినా ఆ కోపం పూర్తిగా పోలేదు. ఏడేండ్లకు ఒక అమ్మ పోయింది, ఎనిమిదేండ్లకు ఇంకొక అమ్మ. తమ్ముడికి పటం దక్కింది. నాకేం దక్కిందని?

విల్లు, మూటలు, పిల్లగాడు, అన్నీ ఒక ఎడ్లబండిలో పట్టాయి. చిన్నమ్మ నా జుట్టులో నూగు ఏరడానికి చెయ్యి పెట్టింది. నూగు లేదు. ఉత్త చెయ్యే కాసేపు అట్లా ఉంచింది.

మళ్ళీ నేను ఆమెను చూసింది నా పెండ్లిలో. పిలిస్తే వచ్చింది. కొంగు మొహం మీదికి లాక్కుని ఆడవాళ్ళ వెనకాల కూర్చుంది. తమ్ముడు వడ్డిస్తూ అటు వస్తుంటే లేచి బావి దగ్గరికి పోయింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, "పోరడు మంచిగ ఎదిగిండు బిడ్డా. పటం మంచిగున్నదా? చెదలు పట్టకుంట చూసుకోర్రి" అంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నకిరేకల్‌కు తిరిగి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చెప్పి చెంబెడు నీళ్ళు తాగాను.

"ఐతె ఒళ్ళె ఉన్నది నేను కాదన్నట్టు" అన్నాడు.

"నువ్వు కాదు తమ్మీ. నువ్వు తలుపు కాడ మీ నాయిన బుజం మీద ఉన్నవ్. స్టూడియో ఎగిరిపోయేటట్టు ఏడ్సినవ్."

నవ్వాడో, ఏడ్చాడో తెలియలేదు. "అన్నకు తెల్వదా?"

"తెల్వదు."

"తెల్వనియ్యకు అక్కా. గీ వయసుల ఆయనకెందుకు. నేను గ్రూపుల ఏం రాయ. నాకు ఒక్క కాపీ తీపియ్యి, చాలు."

మర్నాడు కాళ్ళు ఈడ్చుకుంటూ స్టూడియోకు పోయాను. తమ్ముడు పెట్టిన ఫోటోనే పెద్దది చెయ్యమన్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన ఎవరికని అడిగితే వేరే మతం వాళ్ళింటికి అని చెప్పక తప్పలేదు. "దానిదేముందమ్మా, బొట్టు తీసేస్తా, పుస్తెలు తీసేస్తా. కావాలంటే ఒళ్ళో పిల్లగాన్ని కూడా తీసేస్తా. ఎవరికీ తెల్వదు" అన్నాడు. అక్కణ్ణుంచే నకిరేకల్‌కు ఫోన్ చేసి అడిగాను.

"ఉండనీ అక్కా. పెట్టుకున్నది మా అమ్మనే గద" అన్నాడు. మళ్ళీ, "అన్నను గూడ ఉండనీ. ఆయన గూడ మా అమ్మ పాలు తాగినోడే" అన్నాడు.

ఆదివారం బస్సులో వచ్చాడు. చాయ్ పెట్టాను. పటాన్ని ఒళ్ళో పెట్టుకుని చాయ్ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. వేలితో అద్దం మీద ఆమె నొసలు, బొట్టు, వంకర వేలు తడిమాడు. ఎంత పడుచుదో మా అమ్మ, అన్నాడు. నా బిడ్డ ఈడు కూడా లేదు, అన్నాడు. తర్వాత కండ్లు తుడుచుకుని తలెత్తాడు.

"మరి మీ అమ్మ ఎట్లుండె అక్కా?"

ఇన్నేండ్లలో నన్ను ఈ మాట అడిగిన మనిషి లేడు. చెబుదామని నోరు తెరిచాను. వెడల్పు నొసలు అన్నాను. చామనచాయ అన్నాను. ముక్కు, అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. కండ్లు మూసుకుంటే ఎర్రంచు చీరలో చిన్నమ్మే వచ్చి కూర్చుంది. ఎంత పక్కకు జరుపుదామన్నా జరగలేదు. వాడు ఎదురుచూస్తున్నాడు.

వాడి చేతుల్లో ఉన్న పటం చూపించాను.

"గిట్లనే ఉండె, తమ్మీ" అన్నాను.